సాయంత్రం ఏడు గంటల ఆటల కబుర్లు ఎందుకు తీసేశారు?

సిల్క్‌బోర్డ్_బాధితుడు
బెంగళూరులో ఎఫ్‌ఎం వినేవాళ్లు ఇంకా ఎవరైనా మిగిలారా? ఒక స్టేషన్‌లో రోజూ సాయంత్రం 7 నుంచి 9 దాకా ఆటల కబుర్లు వచ్చేవి. పేరు రాయను, వినేవాళ్లకు తెలుసు. ఆ రెండు గంటల షోను పోయిన నెల అరగంట చేసేశారు. అందులో స్కోర్లు చదివేది ఐదు నిమిషాలు. మిగతాదంతా పాటలు, ఎవరికో ఫోన్ చేసి ఏడిపించే ప్రాంక్ ఒకటి. శ్రోతల ఫోన్లు మొత్తం ఎత్తేశారు.

నేను బెళ్లందూరులో ఆఫీసు బస్సెక్కి బొమ్మనహళ్లిలో దిగుతాను. మ్యాపులో చూస్తే పది కిలోమీటర్ల లోపే. పట్టేది గంటంబావు. ఆ గంటంబావుకూ నాకు ఆ షోనే దిక్కు. ఆర్జే ఏమంత గొప్పవాడు కాదు, ఫోన్ చేసేవాళ్లే బాగుండేవారు. యశవంతపుర నుంచి ఒక ఆటో ఆయన మన ఫుట్‌బాల్ టీమ్ బెంగళూరు ఎఫ్‌సీ డిఫెన్స్‌ను సొంత బామ్మర్దిని తిట్టినట్టు తిట్టేవాడు. హెబ్బాళ నుంచి ఒక పెద్దాయన చేసేవారు. ఆవు వ్యాసం కుర్రాడు టాపిక్ ఏదిచ్చినా ఆవు దగ్గరికే తెచ్చినట్టు, ఈయన ఏ ఆట గురించి అడిగినా ద్రవిడ్ దగ్గరికే తెచ్చేవారు. వీళ్లంతా ఇప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారో!

మిడాన్_మూర్తి
హెబ్బాళ అంకుల్! ఒకసారి వింబుల్డన్ మీద చర్చ నడుస్తుంటే లైన్లోకి వచ్చి, ఆ కుర్రాడికి ద్రవిడ్‌కున్న ఓపిక ఉంటే మూడో సెట్ పోయేది కాదన్నాడు. బండి పక్కకు ఆపుకుని మరీ నవ్వాను.

పీజీ_సాంబారు
ఎఫ్‌ఎం అంటే ఏంటి అన్నా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు
మీ పీజీ సాంబారులో ముక్క లాంటిది తమ్ముడూ. ఉందంటారు, దొరకదు.

టైప్‌సీ_తంటాలు
నవ్వులు కాదు, నిజంగానే దొరకట్లేదు. ఫోన్‌లో ఎఫ్‌ఎం పనిచేయాలంటే వైరున్న హెడ్‌ఫోన్ గుచ్చాలి, ఆ వైరే యాంటెన్నా. చాలా కొత్త ఫోన్లలో ఆ రంధ్రమే లేదు. బ్లూటూత్ ముక్కలు చెవిలో పెట్టుకుంటే రేడియో పలకదు. నేను పోయినేడాది ఫోన్ మార్చాక ఆ షో వదిలేశాను. నాలాంటోళ్లు ఎంతమందో. స్టేషన్ వాళ్లను అనేముందు మన ఫోన్లు చూసుకోవాలి.

హిందూపురం_హరి
నేను క్యాబ్ తోలతాను. పదకొండేళ్లు అయింది ఈ ఊరొచ్చి. నా కన్నడ అంతా ఆ షో పెట్టిన భిక్షే. పరుగుని ‘ఓట’ అంటారని, బంతి వేయడాన్ని ‘ఎసెత’ అంటారని దాంట్లోనే నేర్చుకున్నా. రాత్రి పూట ఎయిర్‌పోర్టు ట్రిప్పులో కస్టమర్ ఫోన్ చూసుకుంటూ ఉంటాడు, మాట ఉండదు. రేడియోలో ఎవరో ఒకాయన కోహ్లీ గురించి తప్పుగా మాట్లాడతాడు. అంతే, వెనక సీట్లోంచి ‘ఏం మాట్లాడుతున్నాడండీ వీడు’ అని మొదలవుతుంది. దేవనహళ్లి దాకా ఇద్దరం కలిసి ఆ కాలర్‌ని ఉతికేవాళ్లం. ఐదు నక్షత్రాలు గ్యారంటీ. ఇప్పుడు పాటలు పెడితే ‘సౌండ్ తగ్గించండి’ అంటున్నారు.

కొరిటెపాడు_కుర్రోడు
అసలు మనకు తెలుగులో ఒక షో పెడితే పోయేది కదా. ఈ ఊళ్లో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం. టీవీలో 2018 నుంచే స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఉంది. రేడియోలో మాత్రం మనం గతిలేనివాళ్లమా?

మల్లేశ్వరం_మూడోతరం
ఇదే వద్దు అనేది. మా తాత చిత్తూరు నుంచి వచ్చాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. మాకు ఎప్పుడూ బేజారు అనిపించలేదు. ఊరి రేడియో ఊరి భాషలో ఉండాలి. చిన్నస్వామి స్టేడియంలో కూర్చుని పక్కవాడితో తెలుగులోనే తిట్టుకుంటాను, ఎవరూ వద్దనలేదు. కానీ స్టేషన్ వాడు నా కోసం తెలుగులో మాట్లాడాలంటే, తమిళాయన, మలయాళీ ఆయన ఏం పాపం చేశారు?

ఆ స్టేడియంలో మొదటి టెస్టు 1974 నవంబర్‌లో వెస్టిండీస్‌తో. కట్టడం ఇంకా పూర్తే కాలేదు. నాకు పదకొండేళ్లు, టికెట్టుకు డబ్బుల్లేవు. పక్కింటి కిటికీ కింద నిలబడి రేడియో విన్నాను. వాళ్లది లైసెన్సున్న రేడియో, ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టేవాళ్లు. అందుకని కిటికీ దగ్గర గుంపెక్కువైతే ‘కట్టింది మేమా మీరా’ అనేది ఆ ఇంటావిడ. రిచర్డ్స్‌కీ, గ్రీనిడ్జ్‌కీ అదే మొదటి టెస్టు. గ్రీనిడ్జ్ రెండు ఇన్నింగ్సుల్లోనూ సెంచరీ కొట్టాడు. ఆ కిటికీ కిందే నాకు క్రికెట్ అర్థమైంది.

కొరిటెపాడు_కుర్రోడు
అంకుల్, నేను కన్నడ తీసేయమనలేదు. వారానికి ఒక గంట అడిగాను.

హిందూపురం_హరి
కొరిటెపాడు తమ్ముడూ, రెండు నెలలు విను, నీకే వచ్చేస్తుంది. మన లిపికి అక్క లాంటి లిపి వాళ్లది. బస్సు బోర్డు చదివేస్తున్నావు కదా, మాటెంతసేపు.

యాడ్స్_అమ్మి_అలసినవాడు
ఎనిమిదేళ్లు రేడియో ప్రకటనలు అమ్మాను (ఈ స్టేషన్‌కు కాదు). మీరు ఆర్జేని, ఫోన్‌ని, భాషని అంటున్నారు. డబ్బు సంగతి ఎవరూ అనట్లేదు.

రేడియోలో ప్రకటన పది సెకన్ల లెక్కన అమ్ముతాం. గిరాకీ ఉండేది ఉదయం ఆఫీసుకు వెళ్లేటప్పుడు, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు. అంటే మీ షో కూర్చున్నది మొత్తం దుకాణంలో ఖరీదైన అరలో. అక్కడ పెట్టిన సరుక్కి కొనేవాడు ఉండాలి. ఈ రెండు మూడేళ్లు ఆటల షోలకు కొనేవాడు ఎవరు? ఫ్యాంటసీ యాప్‌లు. ‘టీమ్ పెట్టు, డబ్బు గెలువు’ అని ప్రతి బ్రేక్‌లో వినలేదా? 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. భారత జట్టు జెర్సీ మీదున్న డ్రీమ్11 పేరే పోయింది, తర్వాత అపోలో టైర్స్ వచ్చింది. బీసీసీఐకి కొత్త స్పాన్సర్ క్యూలో నిలబడతాడు. సాయంత్రం ఏడు గంటల షోకి ఎవరు నిలబడతారు? ఇది నా ఊహే, కానీ తారీఖులు చూసుకోండి. ఆగస్టులో చట్టం, ఉన్న ఒప్పందాలు అయిపోయేదాకా ఒకటి రెండు నెలలు, ఆ తర్వాత కత్తెర.

మిడాన్_మూర్తి
ఆ ప్రకటనలు నేనే తిట్టుకునేవాణ్ని. మా బావమరిది ఆ యాప్‌లలో ఒక పాత స్కూటర్ ఖరీదంత పోగొట్టుకున్నాడు. చట్టం రావడం మంచిదే. దాంతో పాటు హెబ్బాళ అంకుల్ కూడా పోతాడనుకోలేదు.

పీజీ_సాంబారు
అయితే పాటలు వేస్తే లాభమా? పాటలు ఊరికే వస్తాయా?

యాడ్స్_అమ్మి_అలసినవాడు
ఊరికే రావు. 2010లో కాపీరైట్ బోర్డు ప్రకటనల నికర ఆదాయంలో 2 శాతం మ్యూజిక్ కంపెనీలకు కట్టమంది. అంతకుముందు గంటల లెక్కన కట్టి స్టేషన్లు గోలపెట్టేవి. లైసెన్సు ఫీజు కింద ప్రభుత్వానికి ఏటా మొత్తం ఆదాయంలో కనీసం 4 శాతం. 2015 వేలంలో బెంగళూరు ఫ్రీక్వెన్సీ వంద కోట్లు దాటింది. ఇంత పెట్టి కొన్నవాడు ప్రయోగాలు చేయడు. పాటయితే నగల దుకాణం వాడూ కొంటాడు, స్కూలు వాడూ కొంటాడు. ఆటల మాటలంటే ‘మా కస్టమర్లు ఆడవాళ్లండీ’ అంటారు.

దీప_హెచ్ఎస్ఆర్
ఈ ముక్క మీద నాకు ఒళ్లు మండుతుంది. ఆడవాళ్లు వినరని ఎవరు చెప్పారు? నేను మూడేళ్లు విన్నాను. మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ఆర్జే మొదట అడిగింది ‘ఇంట్లో ఎవరు చూస్తారండీ క్రికెట్, మీ వారా?’

‘ఈ సల కప్ నమ్దే’ (ఈసారి కప్పు మనదే) అని ఏళ్ల తరబడి అరిచారు కదా, 2024 మార్చిలో ఆ కప్పు ముందు తెచ్చింది ఆర్సీబీ అమ్మాయిలు. మర్నాడు షోలో దాని గురించి మాట్లాడింది పావుగంట. తర్వాత మగవాళ్ల టీమ్‌లో ఈసారి ఓపెనర్ ఎవరని గంటన్నర. 2025 నవంబర్ 2న మహిళల ప్రపంచకప్ ఫైనల్లో మనవాళ్లు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో కొట్టారు. ఆ జట్టులో శ్రీచరణి మన కడప అమ్మాయి. ఇప్పుడు మాట్లాడుకుందామంటే షోనే లేదు. షో పోయిందని బాధే. కానీ ఉన్నప్పుడు అదేదో స్వర్గంలా రాయకండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
దీప గారూ, ఒప్పుకుంటాను. మీరు ఫోన్ చేసిన రోజు ఒకటి నాకు గుర్తుంది అనుకుంటా. ఫీల్డింగ్ గురించి మాట్లాడుతుంటే మధ్యలో పాట వేసేశాడు.

దీప_హెచ్ఎస్ఆర్
నేనే. డ్యూయెట్ వేశాడు.

నిబంధనల_నరసింహం
చాలామందికి తెలియని విషయం ఒకటి. ప్రైవేట్ ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు తయారుచేసి చదవకూడదు. ఆకాశవాణి వార్తలను మార్పుల్లేకుండా వేసుకోవచ్చు, అంతే. 2011లో వచ్చిన మూడో దశ విధానంలో ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలతో పాటు ఆటల సమాచారాన్ని కూడా వార్తల కింద లెక్కవేయబోమన్నారు. ప్రత్యక్ష ప్రసారం మాత్రం కుదరదు. స్థానికంగా జరిగే ఆటల కామెంటరీకి వెసులుబాటు ఉంది. అంటే మన ఆస్టిన్ టౌన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కామెంటరీ ఇస్తానంటే అడ్డులేదు. ఎవరైనా ఇచ్చారా? దేశంలో మొదటి ప్రైవేట్ ఎఫ్‌ఎం మొదలైంది ఈ ఊళ్లోనే, 2001 జులై 3న. ఇన్నేళ్లలో ఆటలకంటూ ఒక్క స్టేషన్ రాలేదు.

ఎడిసన్_రిటర్న్
అమెరికాలో ఆరేళ్లున్నాను. న్యూయార్క్‌లో డబ్ల్యూఎఫ్ఏఎన్ అని ఒక స్టేషన్, 1987 జులై 1 నుంచి ఇరవైనాలుగు గంటలూ ఆటల మాటలే. తెల్లవారుజామున మూడింటికి కూడా ఎవడో ఒకడు ఫోన్ చేసి మెట్స్ బేస్‌బాల్ టీమ్ మేనేజర్‌ని పీకేయమంటాడు. అక్కడ నడుస్తున్నది ఇక్కడెందుకు నడవదు?

యాడ్స్_అమ్మి_అలసినవాడు
అక్కడ ఒక బేస్‌బాల్ టీమ్ ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఊళ్లో అలాంటివి రెండు టీములు. రోజూ తిట్టడానికి కొత్త కారణం. ఆర్సీబీ లీగ్‌లో 14 ఆడుతుంది, రెండు నెలల్లో అయిపోతుంది. మిగతా పది నెలలు ఏం మాట్లాడతారు?

మల్లేశ్వరం_మూడోతరం
రంజీ ట్రోఫీ గురించి మాట్లాడొచ్చు. కర్ణాటక 8 సార్లు గెలిచింది. మొదటిది 1973-74. వరసగా 15 ఏళ్లు గెలుస్తూ వచ్చిన బాంబేని సెమీఫైనల్లో ఇంటికి పంపింది మనవాళ్లే.

యాడ్స్_అమ్మి_అలసినవాడు
మీరు, హెబ్బాళ అంకుల్, ఇంకో ఇద్దరు వింటారు సార్.

కూతకొచ్చినవాడు
కబడ్డీ ఉంది కదా! 2019 జనవరి ఫైనల్లో పవన్ సెహ్రావత్ ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి బెంగళూరు బుల్స్‌కి కప్పిచ్చాడు. తర్వాత తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలు పెట్టి కొనుక్కుంటే మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది. అతని రాతకు రెండు గంటల షో సరిపోదు, శోకాలు పెట్టడానికి ఇంకో గంట కావాలి.

పాడ్‌కాస్ట్_పిచ్చోడు
ఎందుకింత బాధ? పాడ్‌కాస్ట్‌లు వినండి. విషయం తెలిసినవాళ్లు మాట్లాడతారు, ప్రాంక్ కాల్స్ ఉండవు, కావాల్సినప్పుడు వినొచ్చు. రేడియో కాలం అయిపోయింది.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
పాడ్‌కాస్ట్‌లో ఆయన తప్పు మాట్లాడితే నేనేం చేయాలి? ఫోన్ చేసి ‘అయ్యా, అది కాదు’ అనే వీలుందా? షోలో కనీసం అనడానికి ప్రయత్నించేవాణ్ని. మూడేళ్లలో లైన్ దొరికింది ఒక్కసారి. పది నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, చివరికి కొత్త ఆర్జే ఎవరో వచ్చి ‘చెప్పండి, ఏ పాట కావాలి?’ అన్నాడు. నేను మయాంక్ అగర్వాల్ గురించి అడుగుదామని చేశాను. కంగారులో ఒక పాట పేరు చెప్పేశాను. వేశాడు కూడా.

మిడాన్_మూర్తి
డ్యూయెట్టేనా?

గాజువాక_గాలి
పాడ్‌కాస్ట్ సంగతి వదిలేయండి, ఫోన్‌లో లైవ్ చూడటమే ఒక శిక్ష. 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్. మా ఊరి నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉన్నాడు. బుమ్రా అవుటయ్యాడు. సిరాజ్ వచ్చాడు, కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులు. నేను ఇందిరానగర్ మెట్రో స్టేషన్‌లో స్తంభానికి ఆనుకుని ఫోన్ చూస్తున్నాను. ఊపిరి ఆగిపోయింది. అప్పుడే వైజాగ్ నుంచి మా తమ్ముడి ఫోన్: ‘కొట్టేశాడ్రా, ఫోర్!’ నా తెరమీద సిరాజ్ ఇంకా గార్డ్ తీసుకుంటున్నాడు. వాళ్లింట్లో డిష్ టీవీ, నాది మొబైల్ డేటా. ఆ మూడు బంతులు నాకు టెన్షన్ లేకుండా పోయాయి. జీవితంలో ఒక్కసారి వచ్చే టెన్షన్ అది. తమ్ముణ్ని ఇంకా క్షమించలేదు.

టైప్‌సీ_తంటాలు
అందుకే పాతకాలం వాళ్లు టీవీ సౌండ్ తీసేసి రేడియో పెట్టుకునేవాళ్లు. బొమ్మకంటే మాట ముందొచ్చేది. ఆకాశవాణి బెంగళూరు 612 కిలోహెర్ట్జ్ ఇప్పటికీ ఉంది. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో కూడా వస్తుంది, యాప్ అంటే మళ్లీ ఆలస్యమే అనుకోండి.

చెపాక్_చెల్లెలు
చెన్నైలో నాలుగేళ్లు ఉన్నాను. అక్కడ చెపాక్‌లో మ్యాచ్ అంటే ఆకాశవాణిలో తమిళ కామెంటరీ ఉండేదని మా ఇంటి ఓనరు తాతగారు కథలు కథలుగా చెప్పేవారు. కామెంటేటర్ అబ్దుల్ జబ్బార్ గారి గొంతు అనుకరించేవారు కూడా. నాకు తమిళం సగమే వచ్చేది. అయినా బంతి ఎటు వెళ్లిందో తెలిసిపోయేది. మల్లేశ్వరం అంకుల్ మాటతో నేను ఏకీభవిస్తాను. ఊరి భాషలోనే అందం.

కొరిటెపాడు_కుర్రోడు
సరే, ఓడిపోయాను. ‘ఎసెత’ నేర్చుకుంటాను.

హెబ్బాళ_వారి_అమ్మాయి
ఈ చర్చలో రాయడానికే ఇవాళ సభ్యత్వం తీసుకున్నాను. మీరంతా నవ్వుకుంటున్న ఆ హెబ్బాళ అంకుల్ మా నాన్న. బ్యాంకులో చేసి రిటైర్ అయ్యారు. మాది మదనపల్లె. మీ పోస్టులన్నీ చదివి వినిపించాను. ఆవు వ్యాసం దగ్గర బాగా నవ్వారు. వింబుల్డన్ మాట మాత్రం తాను అనలేదట. నాలుగో సెట్ అన్నారట, మూడో సెట్ కాదట.

నా బాధ వేరే. షో ఉన్నన్నాళ్లూ ఏడింటికి ల్యాండ్‌లైన్ పట్టుకుని గదిలో కూర్చునేవారు. లైన్ దొరికినా దొరకకపోయినా తొమ్మిదికి ప్రశాంతంగా భోజనానికి వచ్చేవారు. ఇప్పుడు ఏడింటికి వంటింట్లోకి వస్తున్నారు. రోజూ రెండు గంటలు నేనే ఆర్జే. పప్పు తాలింపు వేస్తుంటే 2003 అడిలైడ్. ద్రవిడ్ 233, రెండో ఇన్నింగ్స్‌లో 72 నాటౌట్. నాకు నిద్రలో కూడా వచ్చేసింది. దయచేసి ఆ స్టేషన్‌కు ఎవరికైనా తెలిసినవాళ్లుంటే చెప్పండి. కావాలంటే ప్రకటన డబ్బులు మేమే కడతాం, ఒక పది సెకన్లకు.

దీప_హెచ్ఎస్ఆర్
అయ్యో, మీకు నా సానుభూతి. నాన్నగారు శ్రీచరణి గురించి ఏమన్నారు?

హెబ్బాళ_వారి_అమ్మాయి
‘బౌలింగ్ చాలా బాగుంది, ద్రవిడ్ ఉంటే స్లిప్‌లో ఇంకో రెండు క్యాచ్‌లు వచ్చేవి’ అన్నారు.

ఇంకొకటి రాయమంటున్నారు. మల్లేశ్వరం వారికి: 1974లో గ్రీనిడ్జ్ రెండు సెంచరీలు కొట్టలేదట. మొదటి ఇన్నింగ్స్‌లో 93 మీద రనౌట్, రెండోదాంట్లో 107. తాను ఆ రోజు స్టేడియంలోనే ఉన్నారట.

మల్లేశ్వరం_మూడోతరం
ఒప్పుకున్నాను. కిటికీ కింద విన్నవాడికి అంతే దక్కుతుంది. స్టాండ్స్‌లో ఎక్కడ కూర్చున్నారో అడుగమ్మా.

హెబ్బాళ_వారి_అమ్మాయి
అడగను అంకుల్, క్షమించండి. ఇప్పుడే పడుకున్నారు.

అడ్మిన్
చర్చ బాగుంది. స్టేషన్ పేరు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. ఇప్పటికే రెండు తీసేశాను. మాట్లాడుకోవాలంటే విడిగా సందేశాలు పంపుకోండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
హెబ్బాళ అమ్మాయి గారూ, మీకు సందేశం పంపాను. మీ వంటకు అడ్డం లేకుండా ఏడింటికి నేను ఫోన్ చేస్తాను, నాన్నగారు ఒప్పుకుంటే.

హెబ్బాళ_వారి_అమ్మాయి
ఒప్పుకోవడమా! ఆరున్నరకే చొక్కా మార్చుకున్నారు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
నిన్న చేశాను. మొదటి ప్రశ్నగా మయాంక్ అగర్వాల్ గురించి అడిగాను, మూడేళ్ల బాకీ కదా. ‘మంచి ప్రశ్న, దానికి 1996 నుంచి రావాలి’ అన్నారు. ఇబ్బలూరు జంక్షన్‌లో లార్డ్స్ టెస్టు మొదలైంది. అగర దగ్గర గంగూలీ సెంచరీ అయిపోయింది. బస్సు సిల్క్ బోర్డ్ దాటి బొమ్మనహళ్లిలో నన్ను దింపేటప్పటికి ద్రవిడ్ ఇంకా 95 మీద అవుట్ కాలేదు.

గాజువాక_గాలి
ఈ లెక్కన కోల్‌కతా 2001 ఎప్పటికి వస్తుంది? లక్ష్మణ్‌తో ద్రవిడ్ కలిసి కొట్టిన ఆ 376 పరుగుల భాగస్వామ్యం వినాలనుంది.

హిందూపురం_హరి
సోమవారం వర్షం అంటున్నారు. ట్రాఫిక్ ఉంటుంది. వచ్చేస్తుంది.